పడక నుంచి బాత్‌రూమ్ దాకా.. పెద్దల తలకు ముప్పు అక్కడే

2014 ఆగస్టులో కేంద్ర మాజీ మంత్రి జస్వంత్ సింగ్ ఇంట్లో జారిపడ్డారు. తలకు తగిలిన గాయంతో కోమాలోకి వెళ్లారు. 2020 సెప్టెంబరులో కన్నుమూసేదాకా మళ్లీ కోలుకోలేదు. 2020 ఆగస్టులో మాజీ రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ బాత్‌రూమ్‌లో పడ్డారు. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని శస్త్రచికిత్స చేసి తీశారు. కొవిడ్ కూడా తోడైంది, ఆ నెలాఖరుకే పోయారు. పిలిస్తే పలికే మనుషులున్న ఇళ్లవి.

బెంగళూరులో మన తెలుగువాళ్ల ఇళ్ల సంగతి వేరు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లాట్లకు అనంతపురం నుంచో, కడప నుంచో, నెల్లూరు నుంచో అమ్మానాన్నలు వస్తారు. మనవరాలు పుట్టిందనో, కంటి ఆపరేషన్ చేయించుకోవాలనో వచ్చి రెండు మూడు నెలలుంటారు. ఊళ్లో కరెంటు పోయినా గడప ఎక్కడుందో వాళ్ల కాళ్లకు తెలుసు, స్విచ్ ఎక్కడుందో చేతులకు తెలుసు. ఇక్కడ నేల అద్దంలా మెరుస్తుంటుంది. బాత్‌రూమ్ స్విచ్ తలుపు బయట ఏ మూలో ఉంటుంది. లోపలి నేల అంగుళమో రెండంగుళాలో కిందికి దిగి ఉంటుంది. పగలంతా పిల్లలు ఆఫీసులో ఉంటారు. అందుకే వాళ్లు వచ్చాక మెల్లగా చూసుకుందాం అనుకోవడం తప్పు. వాళ్లు రైలెక్కేలోపే ఇల్లు సిద్ధం కావాలి.

చాలా కుటుంబాలు ముందుగా హాల్లో కెమెరా పెట్టిస్తాయి, చేతికి స్మార్ట్ వాచీ కొనిపెడతాయి. రెండూ పడ్డాక కబురు చెప్పేవే తప్ప పడకుండా ఆపేవి కావు. మంచం దగ్గర్నుంచి కమోడ్ దాకా ఉండే పది పదిహేను అడుగుల దారి మీదే మొదటి రూపాయి ఖర్చు పెట్టాలి. రాత్రి నిద్రమత్తులో, చీకట్లో, తడినేల మీదికి, తొందరగా నడిచే దారి అదొక్కటే.

తల సంగతి ప్రత్యేకంగా ఎందుకంటే, వయసు పైబడే కొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోతుంది. పుర్రెకూ మెదడుకూ మధ్య ఖాళీ పెరిగి, ఆ రెంటినీ కలిపే సన్నని రక్తనాళాలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే అవి తెగి రక్తం నెమ్మదిగా ఊరుతుంది. గుండెకు స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు, వార్ఫరిన్, అపిక్సబాన్ లాంటివి వాడేవాళ్లకు (ఇవన్నీ రక్తం పలచబడే మందులే) ఆ రక్తస్రావం త్వరగా ఆగదు.

బాత్‌రూమ్‌లో మొదట చూడాల్సింది నేల. నున్నటి టైల్స్ తీసి గరుకువి వేయించడం మంచిదే కానీ అద్దె ఇంట్లో కుదరదు. నడిచే చోట, స్నానం చేసే చోట గరుకు స్ట్రిప్పులు అతికించవచ్చు. టైల్‌ను బాగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి అంటించాలి, లేకపోతే వారానికే లేచిపోతాయి. ట్యాంకర్ నీళ్లు, బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఉప్పు నీళ్లకు సబ్బు కలిస్తే జిడ్డు పొరలా టైల్ మీద పేరుకుంటుంది. వారానికి రెండుసార్లైనా బ్రష్‌తో రుద్ది తీయాలి. చిల్లుల ప్లాస్టిక్ మ్యాట్ వేస్తే రోజూ ఎత్తి ఆరబెట్టాలి. లేకపోతే దాని కింద పాకుడు పట్టి మ్యాటే జారుతుంది. పండగ తలంటు రోజున నూనె నేల మీద పడుతుంది కాబట్టి, ఆ స్నానం అయ్యాక నేలను సబ్బునీళ్లతో కడిగి తుడిచేదాకా పెద్దవాళ్లను లోపలికి పంపకూడదు.

ఇక గ్రాబ్ బార్, అంటే పట్టుకుని లేవడానికి, నిలబడడానికి గోడకు బిగించే కడ్డీ. అత్యంత అవసరమైనదీ ఇదే, ఎక్కువ మంది తప్పుగా బిగించేదీ ఇదే. టవల్ రాడ్ గ్రాబ్ బార్ కాదు. తువ్వాలు మోయడానికి రెండు చిన్న స్క్రూలతో బిగించిన రాడ్, 60 కిలోల మనిషి పడబోతూ పట్టుకుంటే ఊడి చేతికి వస్తుంది. గోడకు గాలితో అతుక్కునే సక్షన్ బార్లను కూడా నమ్మకూడదు. టైల్ మీద ఉప్పు పొర ఉన్నా, అతుకు గీత మీద పెట్టినా అవి పట్టు వదిలేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు పైపు, 32 నుంచి 38 మిల్లీమీటర్ల వ్యాసం, గోడకూ పైపుకూ మధ్య సుమారు 38 మిల్లీమీటర్ల సందు ఉండేది తీసుకోవాలి. సందు మరీ ఎక్కువైతే మోచెయ్యి అందులో ఇరుక్కుంటుంది.

బిగించే ముందు గోడ ఏదో తెలుసుకోవాలి. కొత్త టవర్లలో చాలావాటికి మైవాన్ షట్టరింగ్‌తో, అంటే అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడలుంటాయి. అవి గట్టివే కానీ, వాటికి చిల్లు పెట్టాలంటే అసోసియేషన్‌ను అడగాలి. తేలిక బ్లాకుల గోడైతే స్క్రూ పట్టు కోసం చిల్లులో పెట్టే మామూలు రాల్ ప్లగ్ నిలవదు, చిల్లులో జిగురు నింపి బోల్టు నిలిపే కెమికల్ యాంకర్‌తోనో, గోడ అవతలి వైపు ప్లేటు పెట్టి బోల్టుతోనో బిగించాలి. టైల్‌కు చిల్లు పెట్టేటప్పుడు టైల్ బిట్‌తో, డ్రిల్లు హ్యామర్ మోడ్ (సుత్తిలా కొట్టేది) ఆపేసి నెమ్మదిగా తొలవాలి. టైల్ దాటాకే హ్యామర్ మోడ్ వేయాలి. కొళాయికి సరిగ్గా పైనా, కిందా పైపు ఉంటుంది కాబట్టి ఆ గీత వదిలేయాలి. బిగించాక ఇంట్లో అందరికంటే బరువున్న మనిషి రెండు చేతులతో గుంజి చూడాలి.

ఎత్తు విషయంలో నేల నుంచి 33 నుంచి 36 అంగుళాలు అన్నది ప్రమాణం. మన అమ్మల్లో చాలామంది పొట్టివాళ్లు. కమోడ్ మీద కూర్చోబెట్టి లేవమని, చెయ్యి ఎక్కడికి వెళ్తుందో గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టడమే మేలు. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి, తలుపు లోపల నిలువుగా ఒకటి కావాలి. ఇంటి ఓనరు ఒప్పుకోకపోతే, ఖాళీ చేసేటప్పుడు టైల్ మార్చి ఇస్తామని రాసివ్వండి. అప్పటికీ కాదంటే కమోడ్ చుట్టూ నేల మీద నిలిచే స్టీలు ఫ్రేము దొరుకుతుంది.

స్నానం కూర్చునే చేయాలి. అయితే పీట మీద కాదు. పీట మీద నుంచి లేవడమే పెద్ద ప్రమాదం. కాళ్లకు వెడల్పాటి రబ్బరు బుష్‌లున్న, 17 అంగుళాల ఎత్తు కుర్చీ కావాలి. మామూలు ప్లాస్టిక్ స్టూలు తడినేల మీద జరిగిపోతుంది. బకెట్‌ను కూడా స్టాండు మీద పెడితే మగ్గుతో ముంచడానికి వంగక్కర్లేదు. సబ్బు నురగకు కళ్లు మూసుకుని నిలబడితే తూలడం ఖాయం. తలుపు గడియ బయట నుంచి తీయగలిగేది వేయించండి. లోపలికి తెరుచుకునే తలుపుకు అడ్డంగా మనిషి పడితే తెరవడం కష్టం. కొత్త ఫ్లాటు బుక్ చేసేవాళ్లు బయటికి తెరుచుకునే తలుపును, గరుకు టైల్స్‌ను బిల్డర్‌ను గట్టిగా అడగాలి.

మంచం ఎత్తు, పరుపుతో కలిపి, కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనేంత ఉండాలి. చాలామందికి 18 నుంచి 20 అంగుళాలు. అక్కడి నుంచి బాత్‌రూమ్ దాకా మోకాలి కిందుగా రెండు మోషన్ సెన్సర్ లైట్లు చాలు. కరెంటు పోతే పనిచేసేవి తీసుకోండి. దారిలో వదులు మ్యాట్లు, ఛార్జర్ వైర్లు, గాజు టీపాయ్ తీసేయండి. అరిగిన హవాయి చెప్పులు పారేసి, మడమ పట్టీ ఉన్నవి ఇవ్వండి.

ఇవన్నీ చేసినా, వాడే మందులే మనిషిని కింద పడేయవచ్చు. నిద్రమాత్రలు, బీపీ మాత్రలు, ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ లాంటివి లేవగానే తల తిరిగేలా చేస్తాయి. ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై సంఖ్య 20 కానీ, కింది సంఖ్య 10 కానీ, అంతకంటే ఎక్కువ కానీ తగ్గితే డాక్టరుకు చెప్పాలి. మాత్ర మీరే ఆపేయకూడదు. డుప్లెక్స్ ఇళ్లలో మెట్లకు రెండు వైపులా రెయిలింగ్, ప్రతి మెట్టు అంచుకు వేరే రంగు టేపు ఉండాలి. వాళ్ల పడకగది మాత్రం కిందే ఉండాలి.

తలకు దెబ్బ తగిలితే ‘బొప్పి కట్టింది, పడుకుంటే తగ్గుతుంది’ అనకండి. స్పృహ తప్పినా, వాంతులైనా, మాట తడబడినా, ఒక చెయ్యి బలహీనపడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లను ఏ లక్షణమూ లేకపోయినా అదే రోజు ఆసుపత్రిలో చూపించి సీటీ స్కాన్ గురించి అడగాలి. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వకూడదు. మొదటి రోజు బాగున్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. నెమ్మదిగా ఊరే రక్తం రెండు మూడు వారాల తర్వాత మతిమరుపుగా, అతినిద్రగా, కాలు ఈడ్చి నడవడంగా బయటపడుతుంది. ‘వయసు మీద పడింది కదా’ అని వదిలేస్తారు. సకాలంలో గుర్తిస్తే పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసేయవచ్చు, చాలామంది మళ్లీ మామూలుగా నడుస్తారు.

హోసూరు రోడ్డులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో నరాల ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది. మీ ఇంటికి దగ్గర్లో సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రి ఏదో కూడా ముందే కనుక్కోండి. తెలుగు తప్ప మరో భాష రాని అమ్మ పగలు ఒంటరిగా ఉన్నప్పుడు పడితే పక్క ఫ్లాటువాళ్లే అంబులెన్స్ పిలవాలి. వాడే మందుల పేర్లు, టవరు, ఫ్లాటు నంబరు, ఏ గేటు నుంచి అంబులెన్స్ రావాలో, పిల్లల ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద ఇంగ్లిష్‌లో, కన్నడంలో రాసి తలుపు లోపలి వైపు అతికించండి. ఒక తాళంచెవి పక్కింట్లో ఇచ్చి ఉంచండి.