పాత బండి, ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు: కావలి షెడ్డులో ఒక వాదోపవాదం

వాయుగుండం వానలు వెలిసిన మర్నాడు, నెల్లూరు జిల్లా కావలి ట్రంకురోడ్డు పక్కనున్న మోటారు సైకిళ్ల షెడ్డుకు ఒక రిటైర్డు కెమిస్ట్రీ మాష్టారు తన 2007 నాటి నూరు సీసీల బండిని తోసుకుంటూ వచ్చారు. అమెరికాలో కొడుకు దగ్గర నాలుగు నెలలుండి తిరిగొచ్చేసరికి అది ఎంత తన్నినా స్టార్టు కాలేదట. మెకానిక్ ఆయన పాత శిష్యుడే. ఇరవై శాతం ఇథనాల్ (చెరకు, ధాన్యాల నుంచి తీసే ఆల్కహాల్) కలిసిన పెట్రోలును, దానికోసం తయారుకాని బండ్లలో పోయవచ్చునా అన్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. నేను నా బండి వంతు కోసం బెంచీ మీద కూర్చుని ఉన్నాను కనుక, విన్నదాన్ని కొంచెం వరుసలో పెట్టి రాస్తున్నాను.

మెకానిక్: మాష్టారూ, గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ అడుగు బౌల్ విప్పాను, చూడండి. సున్నం పట్టినట్టు తెల్లటి పొడి పేరుకుంది, వేలితో రుద్దితే గరుకుగా తగులుతుంది. నీటిని పీల్చుకున్న ఇథనాల్ నెలల తరబడి నిలవుంటే ఈ లోహాన్ని ఇలాగే తినేస్తుంది. ఆ పొడే పెట్రోలు వచ్చే సన్న రంధ్రంలో, అదే సన్నజెట్‌లో, ఇరుక్కుంది. పెట్రోలు ట్యాప్ లోపలి రబ్బరు వాషరు ఉబ్బి, తీసినది తిరిగి దాని గాడిలో కూర్చోవడం లేదు. ఇది పెట్రోలుకు తట్టుకునే రబ్బరే గాని, ఇంత ఇథనాల్‌ను ఎన్నడూ ఎరగదు.

మాష్టారు: పొడి ఉన్నమాట నిజమే నాయనా. కానీ బండి నాలుగు నెలలు వసారాలో కదలకుండా ఉంది. ఇథనాల్ ఊసే లేని రోజుల్లో కూడా నిలిచిపోయిన బండి బౌల్‌లో జిగురు పేరుకునేది, నువ్వే రాగి తీగతో జెట్ పొడిచి ఇచ్చేవాడివి. నిలవ ఉంచిన నా తప్పును ఇథనాల్ నెత్తిన రుద్దితే ఎట్లా? రబ్బరు సంగతి ప్రభుత్వం దాచలేదు. కొన్ని పాత వాహనాలలో 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగాక రబ్బరు భాగాలూ గ్యాస్కెట్లూ మార్చవలసి రావచ్చునని, అది పెద్ద ఖర్చు కాదని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి దేశాలనుంచి కొంటున్నాం. ఆ డబ్బులో కొంత చెరకు, మొక్కజొన్న, నూకల రూపంలో రైతు చేతికి వస్తుంటే వాషరు ఖర్చు చూసుకుంటామా?

మెకానిక్: రైతు పేరు చెప్పి నా నోరు కట్టేయవద్దు మాష్టారూ. మన కోవూరు చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లు గడిచాయి, ఇక్కడి చెరకు రైతుకు ఈ పథకంతో ఏం ఒరిగిందో ఆయన్నే అడగాలి. నేను మాట్లాడుతున్నది బండి గురించి. బండి పరుగు మీద వచ్చే తేడా మాటేమిటి?

మాష్టారు: అది లెక్కలో తేలే విషయమే. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక వంతుకు బరువులో 14.7 వంతుల గాలి కావాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి 9 వంతులు చాలు. నీ కార్బొరేటర్ జెట్ రంధ్రం మారదు, అందుకని ఇరవై శాతం మిశ్రమం పోస్తే అవసరమైనదానికన్నా గాలి పాలు ఎక్కువవుతుంది. చల్లని ఉదయం చోక్ లాగినా మొరాయించడం, యాక్సిలరేటర్ ఇవ్వగానే ఒక్క క్షణం తడబడటం, ఇంజను కొంత వేడెక్కడం దానివల్లనే. కార్బొరేటర్ లేకుండా పెట్రోలును కొలిచి చిమ్మే కొత్త ఇంజెక్షన్ బండ్లలో సైలెన్సరు గొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు దీన్ని పసిగట్టి పెట్రోలు పెంచుతుంది.

(తన పక్షానికి నష్టమని తెలిసికూడా మాష్టారు పాఠం మధ్యలో ఆపరు. అది ఆయన పాత అలవాటు.)

మెకానిక్: మీరే చెప్పారు కదా! జెట్ ఒక సైజు పెద్దది వేసి నేను సరిచేయగలను, కానీ ఆ పని ఎంతమంది చేయించుకుంటారు?

మాష్టారు: చేయించుకోకపోయినా కొంప మునగదంటున్నాను. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకన్నా మూడోవంతు తక్కువ. అయినా 2021లో నీతి ఆయోగ్ ప్రణాళిక వేసిన అంచనా ప్రకారం, పది శాతం ఇథనాల్‌కు సర్దిన పాత ద్విచక్ర వాహనాలలో మైలేజీ 3, 4 శాతమే తగ్గుతుంది, కార్లలో 6, 7 శాతం. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగేవాడి బండి లీటరుకు 50 ఇచ్చేచోట 48 ఇచ్చిందనుకో, అదనంగా లీటరుంపావు, లీటరు నూట పది లెక్కన నూట నలభై లోపే. పైగా ఆక్టేన్, అంటే ఇంజనులో ఇంధనం వేళకు ముందే పేలకుండా తట్టుకునే గుణం, 91 నుంచి 95కు పెరిగింది.

మెకానిక్: ఆక్టేన్ పెరిగితే కంప్రెషను ఎక్కువున్న కొత్త ఇంజనుకు లాభం, మీ 2007 బండికి దానితో పనేముంది? నూట నలభై మీకు లెక్కలోది కాకపోవచ్చు గాని, అల్లూరు నుంచి రోజూ చేపల బుట్ట కట్టుకుని వచ్చేవాడికి అది ఒక పూట సంపాదనలో భాగం. ఇంతకన్నా నాకు భయం నీళ్లంటే. ఇదిగో, ఈ జాడీ చూడండి.

అంటూ కొలత గీతలున్న గాజు జాడీలో ఇరవై గీతల దాకా నీళ్లు పోసి, దానిమీద ఎనభై గీతలు పెట్రోలు పోసి, మూత బిగించి గట్టిగా కుదిపి బల్ల మీద పెట్టాడు. కొద్దిసేపటికి రెండు పొరలు తేరాయి. కింద ఇరవై దగ్గర ఉండవలసిన నీటి పొర ముప్పై దాటి పైకి వచ్చింది.

మెకానిక్: పెట్రోలులో ఉన్న ఇథనాల్ నీళ్లలోకి దిగిపోయింది. టాంకు మూత సందులోంచి వాన నీళ్లు దిగినా ఇదే జరుగుతుంది, ట్యాప్ ముందు లాగేది ఆ అడుగు పొరనే. నవంబరు, డిసెంబరు వానల్లో మన జిల్లా సంగతి నేను చెప్పాలా?

మాష్టారు: నీళ్లు దిగితే ఉత్త పెట్రోలుతో కూడా బండి ఆగుతుంది. చెమ్మ కొద్దిగా అయితే ఇథనాల్ దాన్ని తనలో కలుపుకుని మండించేస్తుంది, అదొక మేలు. మోతాదు మించినప్పుడే ఈ విడిపోవడం. మూత రబ్బరు మార్చుకోవలసిన పనికి ఇంధనాన్ని నిందించకూడదు.

మెకానిక్: సరే, ఒక్కటి అడుగుతాను. మీరు అమెరికాలో నాలుగు నెలలున్నారు. అక్కడి బంకుల్లో ఏం రాసి ఉంది?

మాష్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

మాష్టారు: పదిహేను శాతం ఇథనాల్ పంపు మీద చీటీ అంటించి ఉంది. 2001, ఆ తరువాతి కార్లలోనే పోయాలని. మోటారు సైకిళ్లలో పోయడానికి అక్కడ అనుమతి లేదు.

మెకానిక్: పదిహేనుకే అక్కడ అంత జాగ్రత్త! ఇక్కడ ఇరవైకి తగిన భాగాలతో బండ్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. అంతకుముందువి కోట్లలో తిరుగుతున్నాయి. పది శాతానికి 2022లో చేరాం, 2030కి పెట్టుకున్న ఇరవైని ముందుకు జరిపి 2025కే తెచ్చారు. తేవడం తప్పని అనను. బంకులో రెండు రకాలూ ఉంచి, ఎవరి బండికి తగ్గది వాళ్లను పోయించుకోమంటే గొడవేముంది?

మాష్టారు: ఇథనాల్ కలపని పెట్రోలు కూడా అమ్మాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. బంకుకు రెండేసి టాంకులు, రెండేసి రవాణాలు సులువు కాదు. బ్రెజిల్‌లో 1975 నుంచి నడుస్తోంది, ఇప్పుడు 30 శాతం పోస్తున్నారు.

మెకానిక్: బ్రెజిల్ వాళ్లు దశాబ్దాలుగా ఆ ఇంధనానికి తగ్గ బండ్లు తయారుచేసుకున్నారు. మీరు చెప్పిన నీతి ఆయోగ్ ప్రణాళికలోనే, పాత వాహనాలకోసం పది శాతం ఇథనాల్ పెట్రోలును 2025 వరకు అందుబాటులో ఉంచాలని లేదా? మైలేజీ నష్టానికి బదులుగా పన్ను తగ్గించమని లేదా?

మాష్టారు: ఉంది.

మెకానిక్: మన బంకులో ధర తగ్గిందా?

మాష్టారు: తగ్గలేదు. ఆ ఒక్క మాట వరకు నీ వైపే. పది శాతం ఇథనాల్ పెట్రోలు ఎక్కడైనా దొరికితే రూపాయి ఎక్కువైనా నేను కొంటాను. కొత్త బండ్లకు ఇరవై ఉండవలసిందే, దాంట్లో మాత్రం నన్ను కదిలించలేవు. ముందు టాంకు దింపి కడుగు, ఆ వాషరు మార్చు, జెట్ కూడా ఒక సైజు పెద్దది వెయ్యి.

మెకానిక్: అట్లాగే మాష్టారూ. ఈసారి ఊరెళ్లేటప్పుడు ట్యాప్ మూసి, బౌల్ ఖాళీ అయ్యేదాకా ఇంజను నడిపి ఆపండి.