నానబోసిన పప్పూ, పది గంటల పనిదినమూ

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో నాలుగు నిమిషాల పని ఒకటుంటుంది. గ్లాసు మినప్పప్పు, మూడు గ్లాసుల బియ్యం, అర చెంచా మెంతులు కడిగి నానబోయడం. ఆదివారం పొద్దున దోసెలకన్నమాట. చేసేది నాలుగు నిమిషాలే అయినా, ఒకసారి నానబోశాక సాయంత్రం ఆరింటికి ఎవరో ఒకరు ఇంట్లో ఉండి తీరాలి. గ్రైండర్ అరగంటకు పైనే తిరుగుతుంది. మధ్యమధ్య నీళ్లు చిలకరించాలి, అంచులకు అంటుకున్న పిండిని లోపలికి తోయాలి. అంతా అయ్యాక రాయి కడగాలి. ఈ రాయి కడగడం గురించి ఎవరూ మాట్లాడరు గానీ అసలు విసుగంతా అక్కడే.

మా ఆవిడ నలభై ఒకటో ఏట వయొలిన్ నేర్చుకుంటానంది. మాస్టారు ఇచ్చిన టైము శనివారం సాయంత్రం ఆరు. మొదటి నెలలో నాలుగు క్లాసులకు గాను రెండే వెళ్లింది. ఏమైందని అడిగాను. నిజంగా తెలియకే అడిగాను.

"పప్పు నానబోశాను కదా" అంది.

మన దగ్గర పనిగంటల మీద గొడవ లేచినప్పుడల్లా అది వారం లెక్కల్లోనే నడుస్తుంది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ మాటల వీడియో ఒకటి బయటికొచ్చింది. ఆయన దాన్ని 90కి తీసుకెళ్లారు. ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. దానిమీద వాట్సాప్‌లో జోకులే జోకులు. నాకు మాత్రం ఆ మాటలో వేరే సంగతి తగిలింది. ఆదివారం ఇంట్లో ఉన్న మనిషి ఖాళీగా కూర్చునే ఉంటాడన్న నమ్మకం అది. భర్త కూర్చున్నాడు సరే, ఆ పూట భార్యకు కూర్చునే తీరిక ఉందా అన్న ప్రశ్న ఆ ఊహలోకే రాలేదు.

ఈ తీరికను ప్రభుత్వం కూడా కొలుస్తుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి టైమ్ యూజ్ సర్వే చేసింది. తెల్లవారుజామున నాలుగింటి నుంచి మర్నాడు నాలుగింటి దాకా రోజును అరగంట ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏం చేశారని అడుగుతారు. 2024 లెక్క ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. అంటే అయిదు గంటలకు పదకొండు నిమిషాలు తక్కువ. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఆ 'చేసే' అన్న మాటను దాటేయకండి. 2019 సర్వేలో ఏదో ఒక ఇంటిపని చేశామన్న మగవాళ్లు నూటికి 26 మంది, ఆడవాళ్లు 81 మంది. ఏ ఇంటిపనీ చేయని మగవాళ్లు ఆ సగటులోకే రారు.

సర్వే బాగానే చేశారు, తప్పు పట్టడం లేదు. కాకపోతే అందులో ఒక నియమం ఉంది. ఒకే అరగంటలో చాలా పనులుంటే మూడింటి దాకానే రాసుకుంటారు. అవి కూడా పది నిమిషాలకు తక్కువ కాకూడదు. పద్ధతి ప్రకారం సరైనదే, ఎక్కడో గీత గీయాలి కదా. కానీ మా ఇంటి మినప్పప్పు ఆ గీతకు అవతల పడిపోతుంది. పాలు తోడుపెట్టడం, వాటర్ క్యాన్ అబ్బాయికి ఫోన్ చేయడం, గ్యాస్ బుక్ చేయడం, యూనిఫాం ఇస్త్రీకి పడేయడం, రేపు టిఫిన్‌కు ఏమిటని ఆలోచించడం, అన్నీ రెండు మూడు నిమిషాల పనులే. లెక్కలోకి రావు గానీ, రోజంతా కొంగుకు ముడేసినట్టు వెంటే ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది ఇదే. మనకు కావలసింది ఖాళీ గంటలే కాదు, ఎవరూ పిలవని గంట.

తెలుగు ఇంట్లో ఒకేసారి రెండు వారాలు నడుస్తాయి. ఒకటి ఆఫీసు వారం, సోమవారం మీటింగుతో మొదలై శుక్రవారం సాయంత్రం ముగిసేది. రెండోది ఇంటి వారం. అది గురువారం రాత్రి వంటగట్టు తోమడంతో మొదలవుతుంది. శుక్రవారం పొద్దున్నే గడప కడిగి పసుపు రాసి బొట్లు పెట్టాలి, తలస్నానం, దీపం. శనివారం ఒంటిపూట ఉండే మా అమ్మకు రాత్రి టిఫిన్. ఆదివారం మటన్ కొట్టు ముందు క్యూ. మంగళవారం సెలూన్ మూసి ఉంటుంది కాబట్టి పిల్లాడి క్షవరం కూడా ఆదివారం నెత్తినే పడుతుంది. ఆఫీసు వారానికి సెలవు దొరికే రోజే ఇంటి వారానికి పని ముదిరే రోజు. మగ్గాల ఇళ్లలో ఈ తంటా లేదు, వాళ్లకు ఆదివారంతో నిమిత్తం లేకుండా అమావాస్య సెలవు. మనం ఆఫీసు క్యాలెండర్ తెచ్చుకున్నాం, ఇంటి క్యాలెండర్ వదులుకోలేదు. రెండూ ఒకే మనిషి మీద పడే రోజు శుక్రవారం. ఆఫీసులో వారం రిపోర్టు పంపాల్సిందీ, ఇంట్లో గడప కడగాల్సిందీ ఆ రోజే.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు మూడో వారం కూడా ఉంటుంది. మనకు ఆదివారం పొద్దున అంటే వాళ్లకు శనివారం రాత్రి. వాళ్లకు తీరిక దొరికేది అప్పుడే గనుక మా పెదనాన్న ఇంట్లో ఆదివారం ఎనిమిదింటికి ఎవరూ ఎక్కడికీ కదలరు. ట్యాబ్ టేబుల్ మీద నిలబెట్టి కూర్చుంటారు. టెంపుల్‌కు కూడా కాల్ అయ్యాకే.

అసలు ఆదివారం సెలవు ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో 1884 నుంచి అడగ్గా అడగ్గా 1890లో గానీ దక్కలేదు. తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అని హద్దు పెట్టింది. ఆ చట్టం దృష్టిలో వారం శనివారం అర్ధరాత్రి మొదలయ్యేది. అక్కడ హద్దులు రెండుండేవని గమనించండి. ఒకటి వారానికి, ఒకటి రోజుకు.

ఇప్పుడు రోజు హద్దు జరుగుతోంది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలు కాని వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనిచేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 దాటకూడదు, దాటితే ఓవర్‌టైం ఇవ్వాలి, విరామాలతో కలిపి రోజు మొత్తం 12 గంటలు మించకూడదు. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది రోజువారీ పరిమితిని 10 గంటలకు పెంచే దారి పట్టింది. 48 మారలేదు కదా, ఇక బాధేమిటని అడిగేవాళ్లున్నారు. కాగితం మీద వాళ్ల మాట నిజమే. నాలుగు రోజులు పదేసి గంటలు, అయిదో రోజు ఎనిమిది, లెక్క సరిపోయింది, రెండు రోజులు సెలవు.

కానీ పది గంటల రోజును విప్పి చూడండి. పొద్దున తొమ్మిదిన్నరకు ఆఫీసు, మధ్యలో అరగంట భోజనం, ఎనిమిదింటికి బయటపడటం. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఇంకో గంట వేసుకుంటే ఇల్లు చేరేసరికి తొమ్మిది. సంగీతం మాస్టారు చెప్పేది ఆరుకీ ఎనిమిదికీ మధ్య. కాలనీ షటిల్ కోర్టులో లైట్లు ఉండేదీ అప్పుడే. పిల్లల హోంవర్కు అప్పుడే, పప్పు రుబ్బేదీ అప్పుడే. వారం లెక్కలో గంట ఎక్కడైనా గంటే. ఇంట్లో అలా కాదు. సాయంత్రం ఆరున్నరకు దొరికే గంటను తీసుకుని, దానికి బదులు శనివారం పదకొండింటికి ఒక గంటను చేతిలో పెడితే సరుకు ఒకటి కాదు. శనివారాన్ని ఎటూ బట్టల మిషనూ, బ్యాంకు పనీ, బంధువుల గృహప్రవేశమూ మింగేస్తాయి. అందుకే నా మట్టుకు నాకు వారం హద్దు కంటే రోజు హద్దే ముఖ్యం. చర్చ మాత్రం 48 చుట్టూ, 70 చుట్టూ, 90 చుట్టూ తిరుగుతోంది. రోజు హద్దు పది అయిన సంగతి పేపర్లో ఒక రోజు వార్తగా వచ్చి పోయింది.

మళ్లీ సర్వేకే వస్తాను. సంస్కృతి, విశ్రాంతి, మీడియా, ఆటలు, వీటన్నిటికీ కలిపి మనం పెడుతున్న సమయం 2019లో రోజులో 9.9 శాతం ఉంటే 2024లో 11 శాతమైంది. అంటే రెండున్నర గంటల పైమాటే. మరి ఇంత తీరిక పెరిగితే హాబీలు ఎక్కడ? ఆ పద్దులో టీవీ ఉంది, ఫోన్ ఉంది. ఫోన్‌కు బానిసలయ్యామని తిట్టుకోవడం తేలిక. నేను కూడా మా పిల్లాణ్ని తిడతాను, చేతిలో ఫోన్ పెట్టుకునే. కానీ ఇంటి సమయం ఏ ఆకారంలో దొరుకుతోందో చూస్తే ఫోన్ గెలవడంలో వింతేమీ లేదు. మూడో విజిల్‌కు లేచి స్టవ్ ఆపాల్సిన మనిషికి ముప్పై సెకన్ల రీల్ కంటే అనువైన వినోదం ఏముంటుంది? వయొలిన్ శ్రుతి చేసుకోవడానికే మా ఆవిడకు పది నిమిషాలు పడుతుంది. ఈలోగా "ఛార్జర్ ఎక్కడుంది?" అని ఒక గది నుంచీ, "ఆ కొత్త పచ్చడి సీసా తీశావా?" అని ఇంకో గది నుంచీ కేకలు. కమాను పక్కన పెట్టి లేస్తే, తిరిగొచ్చేసరికి మూడు గంటలకు సరిపడా చిరాకు తయారు.

తెలుగులో 'పనీపాటా' అని ఒక జంట పదం ఉంది. అందులో పాట అంటే పాడేదా, పాటుపడటంలోని పాటా అన్నది పండితులు తేల్చుకోవాలి. నాకైతే నాట్లేసే చేలో వినబడేదే గుర్తొస్తుంది. పని, పాట ఒకే పూట, ఒకే గట్టు మీద. ఇప్పుడు పాటకు విడిగా స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చింది. ఎవరి స్లాట్ నిలబడుతుంది, ఎవరిది ఎగిరిపోతుంది అన్నదే లెక్క.

నాది నిలబడుతుంది. ఆ సంగతి దాచుకోను. నెలకు రెండు ఆదివారాలు నేను ఆబిడ్స్ వెళ్తాను. షట్టర్లు దించిన దుకాణాల ముందు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. దుకాణాలకు సెలవు కాబట్టే ఆ పుస్తకాలకు చోటు. వంగి వంగి నడుం పట్టేదాకా వెతుకుతాను. వేళ్లకు దుమ్ము అంటుకుంటుంది. యాభై రూపాయల పుస్తకం దగ్గర పది రూపాయలకు బేరమాడి, పక్కనే ఇరానీ చాయ్‌కు అంతకంటే ఎక్కువ పెడతాను. పదేళ్లలో ఆ మూడు గంటల్లో ఇంటి నుంచి నాకొచ్చిన ఫోన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను క్రమశిక్షణ గల మనిషిననీ, హాబీని కాపాడుకున్నాననీ ఇన్నాళ్లూ అనుకున్నాను. కాపాడింది నేను కాదు. ఆ మూడు గంటలూ ఛార్జర్ ఎక్కడుందో చెప్పిన మనిషి వేరే ఉంది.

ఆవిడ ఆదివారాన్ని కాస్తోకూస్తో కాపాడేది ఇంకొకరు, మా ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి. నెలకు రెండు సెలవులు. అవి ఆదివారం పడకుండా చూసుకోమని మేమే అడుగుతాం. ఆమె వారంలో హాబీ గడి ఎక్కడుందో అడిగే ధైర్యం నాకింకా రాలేదు.

ఆ 'పప్పు నానబోశాను కదా' తర్వాత మా ఇంట్లో పెద్ద విప్లవమేమీ రాలేదు. శనివారం ఆరు గంటలకు గ్రైండర్ దగ్గర నేను ఉండాలని తేలింది, అంతే. మొదట్లో నేను కూడా అందరు మగవాళ్లలాగే, చెబితే చేస్తాను కదా అన్నాను. చెప్పడం కూడా ఒక పనేనని, ఆ పనిని కూడా తీసుకోమని ఆవిడ అంది. గుర్తుపెట్టుకోవడం అన్నది మోయాల్సిన బరువని అప్పుడు తెలిసింది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్లో అలారం పెట్టుకున్నాను. ఆఫీసు మీటింగుకు పెట్టుకునే రింగ్‌టోనే.

రెండు వారాల కిందట అలారం మోగిన టైములో ఎవరితోనో ఫోన్లో ఉన్నాను. ఆపేసి మర్చిపోయాను. ఆదివారం పొద్దున ఉప్మా. పిల్లాడు ప్లేటు చూసి మొహం మాడ్చుకున్నాడు, వాళ్ల అమ్మ వైపు తిరిగి "దోసెలెందుకు వెయ్యలేదు?" అని అడిగాడు. నన్ను కాదు. ఆవిడ అప్పటికే లోపలి గదిలో తలుపు వేసుకుంది. జంట స్వరాల పాఠం దగ్గరుంది, వేగం పెరిగే రెండో కాలంలో తడబడుతోంది. ఉప్మాలో ఉప్పు కూడా తక్కువైంది.