గుటక గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ గుటక గారికి నమస్కరించి రాయునది.

ఇవాళ మధ్యాహ్నం తమరు చేసిన ఘనకార్యం గురించే. మెడలోని రక్తనాళాన్ని ఎంఆర్ఐ తీయడానికి, మెడకు రెండు పక్కలా సిగ్నల్ పట్టే కాయిల్స్ కట్టించుకుని, ఆ డబడబ చప్పుళ్ల మధ్య పాపం పెద్దాయన కదలక మెదలక పడుకున్నాడు. టీ1 సీక్వెన్స్ (ఒక రకం బొమ్మ తీసే విడత) ఇంకాసేపట్లో అయిపోతుందనగా కన్సోల్ ముందు నేను 'అమ్మయ్య' అనుకున్నాను. తమరికి వినపడినట్టుంది, దయచేశారు. బొమ్మ వచ్చాక చూస్తే కరోటిడ్ (మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడ ధమని) గోడకు ఒక అంచు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయి.

తమరు ఉండేది ఒక్క సెకనే, ఒప్పుకుంటాను. కానీ ఎంఆర్ఐలో బొమ్మ ఒక్క క్లిక్కుతో రాదు కదండీ, వరస తర్వాత వరస డేటా పోగేసి చివర్లో లెక్కకట్టాలి, ప్రతి వరసలోనూ బొమ్మ మొత్తానికి చెందిన సమాచారం ఉంటుంది, కాబట్టి ఏ వరస దగ్గర తమరు కంఠాన్ని ఎత్తి దించినా ఆ మసక బొమ్మంతా పరుచుకుంటుంది.

పైగా మేం చూసేది కాలేయమంత పెద్ద వస్తువా? ఆరోగ్యంగా ఉన్న కరోటిడ్ గోడ మందం 1 మిల్లీమీటరు కూడా ఉండదు. మా పిక్సెల్ సుమారు అర మిల్లీమీటరు. ప్లాక్, అంటే కొవ్వు పూడిక, పేరుకుంటే గోడ కాస్త మందమవుతుందనుకోండి, అయినా ఆ గుప్పెడు పిక్సెళ్లలోనే పైపొర పలచబడిందా, లోపల కొవ్వు ముద్ద ఉందా, రక్తం చిమ్మిందా అన్నీ చెప్పాలి. ఇంకా స్పష్టంగా తీద్దామని పిక్సెల్‌ను అటూ ఇటూ సగానికి కోస్తే సిగ్నల్ నాలుగో వంతుకు పడిపోతుంది. మళ్లీ మళ్లీ తీసి సగటు కట్టి దాన్ని పూడ్చాలంటే, లాభం వర్గమూలం చొప్పునే వస్తుంది కాబట్టి, 16 సార్లు తీయాలి. అంతసేపు పడుకోబెడితే తమరు ఎన్నిసార్లు వస్తారో నేను చెప్పాలా?

బొమ్మను చెడగొట్టే మిగతావాళ్లు మంచివాళ్లని కాదు. నాడిని ఈసీజీ గేటింగ్‌తో, అంటే గుండె తాళానికి తగ్గట్టు డేటా తీసి, లొంగదీశాం. కొవ్వు మెరుపును అణిచే పద్ధతి ఉంది, నోట్లో లోహం ఉంటే మొరాయిస్తుంది. పారే రక్తాన్ని నల్లగా చూపే బ్లాక్ బ్లడ్ పద్ధతి కూడా బాగానే పనిచేస్తుంది, ధమని రెండుగా చీలే చోట రక్తం నెమ్మదిస్తే మాత్రం నల్లబడక ప్లాక్ వేషం కడుతుంది. అయినా వాళ్లెక్కడ దెబ్బకొడతారో తెలుసు. నీకే వేళాపాళా లేదు.

అవును, నువ్వనే అంటున్నాను. మింగొద్దంటే నోట్లో ఉమ్మి ఊరుతుంది, ఏమీ అనకపోతే హాయిగా మింగేస్తారు. 'వీలైనంత తక్కువగా మింగండి' అని మధ్యేమార్గం పట్టాం, ఆ మాట అంటుండగానే ఆ పెద్దాయన కంఠమణి పైకి లేచింది, నా కళ్లారా చూశాను! నిన్ను పసిగట్టి ఆ ముక్క డేటా పారేసి మళ్లీ తీసే నావిగేటర్లు కూడా కనిపెట్టారు, దాంతో స్కాన్ సాగుతుంది, స్కాన్ సాగితే నువ్వు మళ్లీ వస్తావు. సిగ్గుండాలి.

అలాగని పూర్తిగా తిట్టడానికీ నోరు రాదు. ఈ అవస్థంతా ఆ ప్లాక్ చిట్లి స్ట్రోక్ రాకుండా చూడ్డానికే. అది వచ్చిందంటే చాలామందికి నువ్వే సరిగా పలకవు. అప్పుడు మనిషిని కూర్చోబెట్టి, చెంచాడు నీళ్లు పోసి, వస్తావా రావా అని అందరూ కంఠం వంకే చూస్తారు. దగ్గు లేకుండా ఒక్కసారి వస్తే చాలు, ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది.

అందుకే అసలు రావద్దని అనను. సీక్వెన్స్‌కీ సీక్వెన్స్‌కీ మధ్య ఖాళీ ఉంటుంది, మైకులో 'ఇప్పుడు మింగండి' అని నేనే చెప్తాను. అప్పుడు ఎన్నిసార్లైనా రా. చప్పుడు మొదలయ్యాక మాత్రం వచ్చావంటే మర్యాదగా ఉండదు.

ఇట్లు,
కన్సోల్ ముందు కూర్చున్నవాడు