స్టోర్‌రూములో చచ్చే కంప్యూటర్లు

అనంతపురం నుంచో మదనపల్లె నుంచో ఏదో ఒక కోర్సు నేర్చుకుందామని బెంగళూరు బస్సెక్కే పిల్లలకు ఇక్కడ దిగగానే కావలసినవి రెండు. మారతహళ్లి చుట్టుపక్కల ఒక పీజీ, పనికొచ్చే ఒక లాప్‌టాప్. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు టౌన్ హాల్ దగ్గర దిగి ఎస్పీ రోడ్డులోకి నడుస్తారు. బేరమాడి సెకండ్ హ్యాండ్‌ది ఒకటి కొనుక్కుంటారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఏదో తేడా చేసిందని రీసెట్ కొట్టిన రోజున, తెర మీద ఎన్నడూ వినని ఓ కంపెనీ పేరు ప్రత్యక్షమై, ఆఫీసు ఈమెయిల్‌తో లాగిన్ అవ్వమంటుంది. కుర్రాడికి ఆఫీసు ఎక్కడిది? దానికోసమే కదా ఈ కోర్సు.

అది దొంగ సరుకే అయ్యుండాలని లేదు. బిల్లు వేసి, పన్ను కట్టి అమ్మిన యంత్రమే కావచ్చు. కంపెనీలో వాడుకలో ఉన్నప్పుడు ఐటీ విభాగం దాన్ని తమ జాబితాలో నమోదు చేసుకుంది. అమ్మేటప్పుడు ఆ పేరు కొట్టేయడం మరిచిపోయింది. మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ నమోదైనా, ఆపిల్ యాక్టివేషన్ లాక్ అయినా చేసే పని ఒకటే. డిస్కు మార్చినా, విండోస్ మళ్లీ ఎక్కించినా, ఇంటర్నెట్ తగలగానే యంత్రం పాత యజమానినే అడుగుతుంది. కంపెనీ తన యంత్రాల కోసం వేసుకున్న తాళం చివరికి డబ్బిచ్చి కొన్నవాడి మెడకు చుట్టుకుంటుంది. ఆ పేరు తీసేయడానికి ఐటీ వాళ్లకు పట్టేది నిమిషాలు. కొట్టేయలేదని తెలిసేసరికి కుర్రాడికి దుకాణం రసీదు కూడా దొరకదు.

ఈ ఊరు కంప్యూటర్ల మీద బతుకుతోంది. వాటిని కొనేటప్పుడు ఉన్న శ్రద్ధ వదిలించుకునేటప్పుడు లేదన్నది మా ఫిర్యాదు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ నుంచి పైకి ఉండాలి. అంతకు ముందువి ఎంత శుభ్రంగా నడుస్తున్నా ఆఫీసు లెక్కలో పాతబడ్డట్టే. కొత్తవి వచ్చాయి, ఉద్యోగులకు పంచారు. మరి పాతవి? వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్స్ సిటీలోనో ఏ పెద్ద ఆఫీసులోనైనా అడ్మిన్ వాళ్లని అడగండి. ఒక తాళం చెవి చూపిస్తారు. ఆ గదిలో లాప్‌టాప్‌లు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. చార్జర్లు ఒక అట్టపెట్టెలో, ఏది దేనిదో ఎవరికీ తెలియకుండా. మూల ఎల్‌సీడీ మానిటర్లు, వాటి వెనక ఎప్పటిదో ఒక సర్వర్.

కంప్యూటర్ బల్ల మీద ఉన్నంతకాలం అంత తొందరగా చావదు, దాన్ని చంపేది ఆ గదే. నెలల తరబడి చార్జింగ్ లేక బ్యాటరీ పూర్తిగా దిగిపోతుంది. కొన్ని ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి తోసేస్తాయి. అవి నిప్పంటుకునే ప్రమాదం కూడా. ఇవేవీ జరగకపోయినా కాలం ఊరుకోదు. ఆరు నెలల కిందట కొనడానికి నలుగురు పోటీ పడ్డ మోడల్‌ని ఇవాళ కిలోల లెక్కన అడుగుతారు. ఆలస్యం అమృతం విషం అన్నది ఈ వ్యాపారానికి సరిపోయినట్టు మరి దేనికీ సరిపోదేమో.

ఎందుకు ఆగిపోతాయి? సంతకం దగ్గర. డేటా తుడిచామని ఐటీ వాళ్లు రాసివ్వాలి, ధర సరైనదని ఫైనాన్స్ వాళ్లు ఒప్పుకోవాలి, బయటికి పంపాల్సింది అడ్మిన్. ఎక్కువకి కొన్నదాన్ని తక్కువకి అమ్మావేమని రేపు ఆడిట్‌లో అడిగితే ఎవరు చెప్పాలి? అమ్మకపోతే మాత్రం ఎవరూ అడగరు. గదిలో పడున్నంతకాలం అది 'ఆస్తి'. కాబట్టి తాళమే క్షేమం.

ధర దగ్గర చిక్కు నిజమైనదే. లక్ష రూపాయల లాప్‌టాప్ తీసుకోండి. కంపెనీల చట్టం 2013 రెండో షెడ్యూలు ప్రకారం దాని ఆయుష్షు 3 ఏళ్లు. మూడేళ్లయ్యాక పుస్తకాల్లో మామూలుగా మిగిలేది 5 శాతం, అంటే 5,000. ఆదాయపు పన్నుకు చూపే తరుగుదల ఏటా 40 శాతం. ఆ లెక్కన అదే లాప్‌టాప్ విలువ 21,600. దాన్ని ఉద్యోగికే ఇచ్చేద్దామనుకుంటే 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనలు ఏటా సగానికి సగం తగ్గించి చూడమన్నాయి. అప్పుడది 12,500. ఒకే వస్తువుకు మూడు ధరలు, మూడూ చట్టబద్ధమైనవే, ఏదీ ఎస్పీ రోడ్డు ధర కాదు. దీనికి తోడు చచ్చిన బర్రెకు పాలెక్కువ అన్నట్టు, కొన్న నాటి బిల్లు చూసి ధర ఊహించుకునే మేనేజర్లు కొందరు. నాలుగు చోట్ల కొటేషన్లు తెప్పించుకుని, ఆ వారం మార్కెట్ ఇదీ అని ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే ఆడిటర్ నోరు మూయించడానికి అంతకన్నా ఏం కావాలి?

డేటా భయం ఇంతకన్నా పెద్దది, దాన్ని మేము కొట్టిపారేయడం లేదు. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ అనే బ్యాంకు తన పాత సర్వర్లూ డిస్కులూ తీసేయించే పనిని సామాన్లు తరలించే ఒక సంస్థకు అప్పగించింది. డేటా చెరపడంలో ఆ సంస్థకు అనుభవం లేదు. ఖాతాదారుల వివరాలున్న పరికరాలు కొన్ని అలాగే ఆన్‌లైన్ వేలంలో తేలాయి. 2020లో అక్కడి బ్యాంకుల నియంత్రణ సంస్థ 6 కోట్ల డాలర్లు, 2022లో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 3.5 కోట్ల డాలర్లు జరిమానా వేశాయి. మన దగ్గర 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు.

ఈ భయానికి కొన్ని కంపెనీలు కనిపెట్టిన మందు ముక్కలు చేయించడం. డిస్కును మాత్రమే ముక్కలు చేస్తే కొంత అర్థముంది. లాప్‌టాప్‌ని మొత్తంగా నుజ్జు చేయించి, దాన్నే పర్యావరణ నివేదికలో 'రీసైకిల్ చేశాం' అని రాసుకోవడం మాకు మింగుడు పడదు. ఒక లాప్‌టాప్ జీవితకాలంలో వెలువడే కర్బన ఉద్గారాల్లో ఎక్కువ భాగం అది వాడటంలో కాదు, తయారు కావడంలోనే అయిపోతుంది. మరో మూడేళ్లు నడిచేదాన్ని పగలగొట్టి అందులోంచి గ్రాముల లెక్కన రాగి తీయడం పొదుపెలా అవుతుంది?

చెరపడం బ్రహ్మవిద్యేమీ కాదు. తెలిసి చేయాలి, అంతే. ఫార్మాట్ కొట్టినంత మాత్రాన డేటా పోదు. విషయసూచిక చిరిగిపోతుంది, పుస్తకం అలాగే ఉంటుంది. పాత తరహా హార్డ్ డిస్కు మీద మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి తిరగరాస్తే మామూలు అవసరాలకు చాలని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2014 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. చిప్‌ల మీద డేటా దాచే కొత్త తరహా డిస్కు ఎస్‌ఎస్‌డీకి ఆ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే ఎక్కడ ఏం దాచాలో అది తనకు తానే నిర్ణయించుకుంటుంది. దానిలోనే ఉండే ఎరేజ్ ఆదేశం వాడాలి, లేదా మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే డేటాను సంకేతాల్లోకి మార్చి ఉంటే దాన్ని విప్పే తాళం చెవిని నాశనం చేయాలి. అయస్కాంతం పెట్టి చెరిపేశామని ఎవరైనా ఎస్‌ఎస్‌డీలకు సర్టిఫికెట్ ఇస్తే ఆ మనిషికి ఇంకో లోడు ఇవ్వకండి. సర్టిఫికెట్‌లో '400 లాప్‌టాప్‌లు' అని గుండుగుత్తగా కాక ప్రతి డిస్కు సీరియల్ నంబరూ ఉండాలి. ఆఫీసు ఆవరణలోనే, లోడు ఎక్కకముందే పని అయిపోవాలి. జిరాక్స్ మెషీన్లను చాలామంది మరిచిపోతారు. పెద్ద వాటిలో హార్డ్ డిస్కులుంటాయి. ఉద్యోగుల ఆధార్ కాపీలు, జీతం స్లిప్పులు అందులో పడుకుని ఉంటాయి. అలాగే రౌటర్లు, స్విచ్‌ల లోపల ఆఫీసు నెట్‌వర్క్ పాస్‌వర్డులు.

ఇక అమ్మకం. మన కంపెనీలకు అలవాటైన పద్ధతి మొత్తం సరుకును ఒకే లాట్ కింద టెండర్ వేయడం. భారీ ధరావతు అడుగుతారు. ఎస్పీ రోడ్డులో పదడుగుల దుకాణం వాడు ఆ గుమ్మం తొక్కలేడు. ఒక పెద్ద డీలరు ఎత్తుకుంటాడు, అతని దగ్గర ఇంకొకడు, అతని దగ్గర మరొకడు కొంటారు. బాగున్నవి రీఫర్బిష్డ్ పేరుతో షోకేసుకి ఎక్కుతాయి. బాగాలేనివి పాత సామాన్లు కొనే గుజరి అంగళ్లకూ, అక్కణ్ణించి నాయండహళ్లి లాంటి చోట్ల తీగలు కాల్చి రాగి తీసేవాళ్లకూ చేరతాయి. చేతులు మారిన కొద్దీ కంపెనీకి వచ్చే ధర తగ్గుతుంది, కొనేవాడు కట్టే ధర పెరుగుతుంది. ఆ పొగ పీల్చేవాళ్ల లెక్క ఎవరి పుస్తకంలోనూ రాయరు.

యాభై, వంద చొప్పున చిన్న లాట్లు చేయండి. నడిచేవి, మరమ్మతు చేస్తే నడిచేవి, విడిభాగాలకే పనికొచ్చేవి ముందే వేరు చేసి చూపించండి. తాళం తీసి ఇవ్వండి. ఇది దయాదాక్షిణ్యాల మాట కాదు. తాళం వేసిన లాప్‌టాప్‌కీ తీసినదానికీ ఎంత తేడా ఇస్తారో ఎస్పీ రోడ్డులో ఏ దుకాణంలోనైనా అడిగి చూడండి.

బాగుచేసి మళ్లీ వాడటానికీ, చెత్తగా పారేయడానికీ ఉన్న తేడాను చట్టం కొంతవరకు గుర్తించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో బాగుచేసి అమ్మేవాళ్లకు వేరే స్థానం ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో వాళ్లు నమోదు కావాలి. ఏడాదిలో ఏ సమయంలోనైనా వెయ్యికి తక్కువ కాకుండా ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ వస్తువులు వాడిన సంస్థలు తమ ఈ-వేస్ట్‌ని నమోదైనవాళ్లకే ఇవ్వాలి. బాగానే ఉంది. కానీ ఎస్పీ రోడ్డులో సోల్డరింగ్ ఐరన్ పట్టుకు కూర్చునే మెకానిక్‌కి ఆ పోర్టల్ ఎంత దగ్గర? దాడులు చేసి భయపెట్టే బదులు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ వీధిలోనే ఒక కౌంటర్ పెట్టి నమోదు చేయించాలని మేము కోరుతున్నాం. భారతదేశంలో తొలి అధీకృత ఈ-వేస్ట్ రీసైక్లింగ్ కేంద్రం ఈ-పరిసర 2005లో మొదలైంది ఈ నగర శివార్లలో, డాబస్‌పేటలోనే. చచ్చినవాటికి దారి మనమే ముందు చూపించాం. బతికున్నవాటికి ఇంకా చూపించలేదు.

దానం గురించి ఒక మాట. సుంకం లేకుండా కంప్యూటర్లు దిగుమతి చేసుకున్న ఎస్‌టీపీ (సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్) యూనిట్లు రెండేళ్లు వాడాక వాటిని గుర్తింపు పొందిన విద్యాసంస్థలకూ గ్రంథాలయాలకూ ఉచితంగా ఇవ్వడానికి విదేశీ వాణిజ్య విధానం వీలు కల్పించింది. మంచి వెసులుబాటు. దాన్ని అమ్ముడుపోని సరుకు దించుకునే చోటుగా వాడుకోవడం మాత్రం తప్పు. దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదంటారు గానీ, చార్జర్ లేని ఇరవై లాప్‌టాప్‌లు వచ్చిన బడికి ఆ సామెత వర్తించదు. ఉబ్బిన బ్యాటరీ తీసి కొత్తది వేసి, ర్యామ్ పెంచి, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ ఎక్కించి ఇస్తే కదిరిలోనో కోలార్‌లోనో ఒక గదినిండా పిల్లలు ఏళ్ల తరబడి వాడుకుంటారు. అలా సిద్ధం చేసే ఖర్చు భరించలేమనుకుంటే దానం మానేసి అమ్మేయండి, వచ్చిన డబ్బు బడికి పంపండి.

మార్చి వచ్చిందంటే ఆస్తుల తనిఖీ మొదలవుతుంది. స్కానర్లు పట్టుకుని కుర్రాళ్లు అంతస్తు అంతస్తూ తిరిగి స్టిక్కర్లు చదివిస్తారు. స్టోర్‌రూము తాళం తీయించి అక్కడి ఇటుకల వరసనూ చదివించి, 'ఉంది' అని టిక్కు పెట్టి వెళ్తారు. పోయినేడు పెట్టారు, అంతకు ముందేడూ పెట్టారు. ఈసారి ఆ జాబితాలో రెండు గడులు కొత్తగా చేర్చమని కంపెనీలను కోరుతున్నాం: ఈ యంత్రం ఈ గదికి ఏ తేదీన వచ్చింది, బయటికి వెళ్లడానికి ఎవరి సంతకం కావాలి. తొంభై రోజులు దాటిన ప్రతి వరస పక్కన ఆ మనిషి పేరు రాయండి.