‘టెన్షన్’ అని రాసే ముందు

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో పాత మందుల చీటీలు తిరగేస్తే రెండు పేర్లు పక్కపక్కనే కనిపిస్తుంటాయి: గ్యాస్‌కు పాంటాప్రజోల్, టెన్షన్‌కు ఆల్ప్రజోలం. గుండె దడ, ఆయాసం, చేతుల వణుకు అని చెప్పుకొన్న మనిషికి, ముఖ్యంగా ఆడవారికి, ఒక ఈసీజీ తీసి అది బాగానే ఉందని తేలగానే దక్కే వైద్యం తరచుగా ఇంతే. ఆందోళన నిజమైన జబ్బే. దానివల్ల దడ, చెమటలు, ఛాతీ నొప్పి వస్తాయన్నదీ నిజమే. నా అభ్యంతరమంతా దాన్ని నిర్ధారించే తీరు మీదే. ఎడతెగని ఆందోళన రుగ్మత (జీఏడీ) అనాలంటే అదుపు చేసుకోలేని దిగులు కనీసం ఆరు నెలలుగా వెంటాడుతోందా, నిద్ర, ఏకాగ్రత దెబ్బతిన్నాయా అని అడిగి తెలుసుకోవాలని మానసిక వైద్యుల ప్రమాణాలే చెబుతున్నాయి. ఆ ప్రశ్నలేవీ వేయకుండా, ఇంకేమీ దొరకలేదు గనుక ఇదేనని రాసేస్తే అసలు కారణం కోసం వెతకడం అక్కడితో ఆగిపోతుంది.

మామూలు ఈసీజీ గుండెను చూసేది సుమారు పది సెకన్లు. ఉండుండి వచ్చిపోయే దడ ఆ పది సెకన్లలోనే రావాలని లేదు. దాన్ని పట్టుకోవడానికి రోజంతా నమోదు చేసే హోల్టర్ పరీక్ష కావాలి. చిన్నతనంలో గొంతు నొప్పితో మొదలైన రుమాటిక్ జ్వరం గుండె కవాటాన్ని దెబ్బతీస్తే, ఆ సంగతి ఎన్నో ఏళ్లకు, ఒక్కోసారి గర్భిణిగా ఉన్నప్పుడు, ఆయాసంగా బయటపడుతుంది. ఇక రక్తహీనత సంగతి చెప్పనే అక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15-49 ఏళ్ల స్త్రీలలో 64.3 శాతం మందికి అది ఉంది. ఇలాంటి చోట దడ, నీరసం అని వచ్చిన స్త్రీకి కనురెప్ప కిందికి లాగి చూడకుండా, హీమోగ్లోబిన్ పరీక్ష రాయకుండా మనసు కుదుటపరచుకోమని చెప్పి పంపడం నాకు ఏ విధంగానూ సమర్థనీయంగా తోచదు.

మా వదినకు చాలాకాలం ఆ చీటీయే నడిచింది. గాజులు మోచేతి దాకా జారేంతగా చిక్కిపోయినా, దిగులు వల్లే తిండి ఒంటబట్టడం లేదన్నారు. చివరకు సరిహద్దుకు ఇవతల ఒక వైద్యుడు ఆమెను చేతులు ముందుకు చాపమని, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పరిచారు. కాగితం అంచులు ఆగకుండా అదిరాయి. మెడ తడిమి చూసి థైరాయిడ్ పరీక్ష రాశారు, ఆ గ్రంథి అతిగా పనిచేస్తోందని తేలింది. అప్పటికే ఆమె, “నాకేమీ లేదట, మీరే ఊరికే తిప్పుతున్నారు” అని మా మీదే విసుక్కునే స్థితికి వచ్చింది. రోగి తన ఒంటిని తానే నమ్మకుండా పోవడం ఆ జబ్బు కంటే నన్ను ఎక్కువ బాధించింది.

ఆల్ప్రజోలం వాడకం మరో చిక్కు తెచ్చిపెడుతుంది. అది అలవాటు చేసే మందు, వైద్యుడి చీటీ లేనిదే అమ్మకూడని హెచ్1 జాబితాలోనిది. కొంతకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే మళ్లీ దడ, వణుకు వస్తాయి. వాటిని చూసి, టెన్షనేనన్న పాత మాట నిజమైందనుకుంటారు.

వైద్యుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. ఓపీలో ఒక్కో రోగికి దొరికే సమయం కొద్ది నిమిషాలే. అయితే సరిహద్దులో ఆ కొద్ది నిమిషాలు కూడా పూర్తిగా రోగికి దక్కవు. వైద్యుడు ఒడియాలో అడుగుతాడు, తల్లి తెలుగులో చెబుతుంది, మధ్యలో బడికెళ్లే కొడుకు రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందన్న సంగతిని ఏ తల్లి కొడుకు నోట చెప్పిస్తుంది? రక్తహీనతకు అసలు కారణం అక్కడే మరుగున పడిపోతుంది. బరంపురం, శ్రీకాకుళం, విశాఖ అంటూ తిరిగే కొద్దీ ప్రతిచోటా ఆమె కొత్త రోగే. పాత చీటీ మీది ‘టెన్షన్’ అన్న మాట మాత్రం వెంటే వచ్చి, కొత్త వైద్యుడి చేత కూడా అదే అనిపిస్తుంది.

అందుకే ఆ మాట రాసేవారు ఏయే జబ్బులు కాదని తేల్చుకున్నారో, ఏ పరీక్ష మిగిలి ఉందో, తగ్గకపోతే ఎప్పుడు రావాలో కూడా రాయాలి. నిజంగా ఆందోళనే అయితే నిద్రమాత్రతో సరిపెట్టకుండా మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి. ఇక గజపతి, రాయగడ జిల్లాల ఆస్పత్రుల్లో తెలుగు, ఒడియా, సవర వచ్చిన ఒక ఆరోగ్య కార్యకర్తను, తప్పనిసరిగా స్త్రీని, ఓపీ గది దగ్గర కూర్చోబెట్టాలి. దీనికి కొత్త భవనాలు, యంత్రాలు అక్కర్లేదు. జిల్లా అధికారులు తలచుకుంటే వచ్చే నెల నుంచే మొదలుపెట్టవచ్చు.