వారానికి నూటికి పది

పిల్లలకు డబ్బు విలువను ఇంటి పనుల్లోనే నేర్పాలని, తల్లిదండ్రుల సమావేశానికి వచ్చిన ఒక నిపుణుడు గంటసేపు ఉపన్యసించి వెళ్ళాడు. ఆయన చెప్పినట్లే మా తొమ్మిదేళ్ళ అమ్మాయికి ఖర్చుకొకటి, పొదుపుకొకటి, దానానికొకటి చొప్పున మూడు డబ్బాలు పెట్టి, అవసరాన్నీ కోరికనూ విడదీయడం నేర్పి, పొదుపు మీద వారానికి నూటికి పది వడ్డీ ప్రకటించాము. ఏడాది చివర వచ్చే వడ్డీ పిల్లల ఊహకు అందదనీ, వారం వారం కంటికి ఆనేంత ఇవ్వాలనీ కూడా ఆ మహానుభావుడే సెలవిచ్చాడు.

నిన్న సాయంత్రం దుకాణంలో యంత్రం నా కార్డును తిరస్కరిస్తూనే ఉంది. ఫోనులో చార్జింగు లేదు. వెనుక వరుస పెరుగుతున్నది. పక్కన అమ్మాయి, దాని భుజాన సంచి, సంచిలో దాని పొదుపు.

"అప్పిస్తాను నాన్నా, అయితే అవసరాలకు మాత్రమే" అని అది బల్ల మీది సరుకులను రెండు కుప్పలుగా వేరుచేయడం మొదలుపెట్టింది. బల్బు, సబ్బులు, పెన్సిళ్ళు ఎడమకు వెళ్ళాయి. నా ఇయర్‌ఫోన్లు కుడికి వెళ్ళాయి. తొందరపెట్టవలసిన బిల్లు గుమాస్తా చేతులు కట్టుకుని శ్రద్ధగా చూడసాగాడు. వెనకాయన "షాంపూ ఎటువైపమ్మా?" అని అడిగితే, చిన్న సీసా అయితే అవసరమనీ, ఇది పెద్దది కనుక సగం కోరికనీ తీర్పు వచ్చింది. పాత ఇయర్‌ఫోన్లలో ఒక వైపు వినబడడం లేదని నేను మొరపెట్టుకున్నాను. "ఏ వైపు?" అన్నది. సరిగ్గా ఆ క్షణాన నాకు గుర్తురాలేదు. వరుసలో ఎవరో "అయ్యో" అన్నారు, అదీ నన్ను చూసి కాదు, దాన్ని చూసి.

ఇక వడ్డీ. "మీరు నాకిచ్చేదే" అన్నది. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే అసలు రెట్టింపు కావడానికి పట్టే కాలం రమారమిగా తెలుస్తుందన్న సూత్రం 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాచోలీ గణిత గ్రంథంలోనే ఉంది. అయిదు శతాబ్దాల నాటి ఆ లెక్కను ఒక్కసారి వేసుకున్నా, ఏడు వారాలు దాటగానే అసలు రెట్టింపవుతుందని మన నిపుణుడికి తెలిసేది. ఆయన వేసుకోలేదు కనుక వెనకాయన వేశాడు. ఫోనులో వేసి, చక్రవడ్డీతో 52 వారాలకు సుమారు 142 రెట్లవుతుందని అందరికీ వినబడేలా చదివాడు. అంతమంది నా వంక అప్పులపాలైనవాణ్ణి చూసినట్లు జాలిగా చూశారే గాని, ఆ పిల్ల పొదుపు మీద అదే వడ్డీ ఇప్పటికే చెల్లిస్తున్నవాణ్ణి కూడా నేనేనన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

సంతకం పెట్టాను. ఇల్లు చేరగానే బీరువాలోంచి నగదు తీసి మొత్తం ఇవ్వబోతే, అది చేయి వెనక్కి పెట్టుకున్నది.

"ముందే తీర్చేస్తే రుసుముంటుంది నాన్నా."

ఇంటి రుణం గురించి నేను బ్యాంకువాళ్ళతో ఫోనులో పెట్టుకున్న తగాదానంతా పక్క గదిలోంచి విన్నదట. రుసుము ఎంతో ఇంకా తేలలేదు. వాళ్ళ అమ్మతో సంప్రదిస్తున్నది.