రీబిల్డింగ్ గారూ, గృహప్రవేశం ఎప్పుడండీ?

మహారాజశ్రీ రీబిల్డింగ్ గారికి,

అమెరికాలోని లింకన్ నుంచి నెబ్రాస్కా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అభిమాని నమస్కరించి రాయునది. జట్టు ఓడినప్పుడల్లా 'మళ్లీ కడుతున్నాం' అంటూ చెప్పే ఆ మాటే కదండీ మీరు! ఉభయకుశలోపరి. మేం ఓడినా క్షేమమే. మీ క్షేమం అడగక్కర్లేదు, మా ఊళ్లో మీది పర్మనెంట్ ఉద్యోగం.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలకు మీతో పరిచయం లేదు పాపం. ఆ రెండూ ఎప్పటికో అప్పటికి పూర్తవుతాయి.

ఒకప్పుడు మాకు టామ్ ఆస్‌బోర్న్ అని ఒకే మేస్త్రీ, అంటే కోచ్. 25 సీజన్లు, 255 గెలుపులు. చివరి నాలుగేళ్లలోనే మూడు జాతీయ టైటిళ్లు. 1997 ముగిశాక ఆయన తాపీ కింద పెట్టారు. తర్వాతి మేస్త్రీ ఫ్రాంక్ సోలిచ్‌ని 2003లో, ఆ సీజన్లో తొమ్మిది మ్యాచ్‌లు గెలిపించాకే, ఇంటికి పంపాం. బో పెలీనీ ఏడు సీజన్లు చేశాడు, ఒక్కసారీ తొమ్మిది గెలుపులకు తగ్గలేదు. గోడ నిటారుగానే ఉంది. కానీ మాకు మేడ కావాలి కదా! 2014లో అదీ పడగొట్టాం.

తొమ్మిది చాలదన్నందుకు ఆ తొమ్మిదే మా మెడకు చుట్టుకుంది. 2021లో తొమ్మిది ఓడాం. అందులో ఏదీ తొమ్మిది పాయింట్ల తేడా దాటలేదు. అప్పటి కోచ్ స్కాట్ ఫ్రాస్ట్ 1997 టైటిల్ జట్టులో ఆట నడిపించిన క్వార్టర్‌బ్యాక్, ఇంటి పిల్లాడు. 2022 సెప్టెంబర్‌లో ఆయన్నీ పంపేశారు. అక్టోబర్ 1 దాకా ఆగితే ఇవ్వాల్సిన పరిహారం సగానికి తగ్గేది. ఆగలేదు. కోటిన్నర డాలర్లు! అంటే మూడు వారాల ఓపిక ఖరీదు 75 లక్షల డాలర్లన్నమాట. మమ్మల్ని ఓపికమంతులని మెచ్చుకునేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

2017 నుంచి 2023 దాకా వరసగా ఏడు సీజన్లు ఓటములదే పైచేయి. అయినా 1962 నవంబర్ నుంచి మా మెమోరియల్ స్టేడియం టికెట్లు మిగిలిందే లేదు. సిమెంటు తడవకుండానే బిల్లు పాసవుతుంటే ఏ మేస్త్రీకి తొందరండీ?

అన్నట్టు, 2023 ఆగస్టు 30న అదే స్టేడియంలో మా అమ్మాయిలు వాలీబాల్ ఆడి గెలిచారు. చూసినవాళ్లు 92,003 మంది. వాళ్ల నోట మీ పేరు నేనెప్పుడూ వినలేదు.

ఇండియానా యూనివర్సిటీ జట్టు వాళ్లను చూస్తే మరీ కడుపుమంట. 2023లో మూడే గెలిచారు. కొత్త కోచ్ వచ్చి, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ నుంచి, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా నుంచి, రెడీమేడ్ స్తంభాలు దింపి, ఏడాది తిరిగేసరికి స్లాబు వేసేశాడు. 2024 అక్టోబర్‌లో మమ్మల్ని 56-7తో ఉతికారు. వాళ్ల ఇంట్లో మీరు అద్దెకైనా ఎక్కువ రోజులు ఉండలేదే!

కోచ్‌గా మాట్ రూల్ వచ్చాక, ఆ 2024లోనే మేం సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌తో కలిపి ఏడు నెగ్గాం. మా ఇంట్లో పాయసం వండాను. తొమ్మిది చాలదన్న నోటితోనే తిన్నాను, తియ్యగానే ఉంది.

తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది, "ఇంకా కడుతూనే ఉన్నార్రా?" అని. "కడుతూనే ఉన్నామమ్మా" అంటాను. ఆవిడ ఇల్లనుకుంటుంది. నేను చెప్పేది వచ్చే సీజన్ టికెట్ డబ్బుల గురించి.

ఇట్లు,
మీ ఎర్ర చొక్కా విధేయుడు